హ్యాండ్‌మెయిడ్స్ టేల్ ఆరు సీజన్లూ చూశా. అసలు ఎక్కడ చెడింది ఈ కథ? (స్పాయిలర్లు ఉన్నాయి)

సింధు_వి · 29 మే 2025, రాత్రి 11:52

మంగళవారం ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. బుధవారం చూశా. ఇవాళ పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నా. ఆఫీసులో ఈ సీరీస్ చూసేవాళ్లు ఒక్కరూ లేరు, మా ఆయన రెండో సీజన్ మధ్యలోనే లేచిపోయాడు. ఇక మీరే దిక్కు.

2017లో మొదటి సీజన్ వచ్చినప్పుడు నేను ఏడో నెల కడుపుతో ఉన్నా. అమ్మ కాన్పుకి వచ్చింది. ఎర్ర బట్టలు, తెల్ల టోపీలు చూసి "వీళ్లెవరే, చర్చిలో సిస్టర్సా?" అంది. కథ చెప్పాను. పిల్లలు పుట్టడం తగ్గిపోయింది, అమెరికాని ఒక మతమూక చేజిక్కించుకుని గిలియడ్ అని పేరు పెట్టింది, పిల్లల్ని కనగల ఆడవాళ్లని హ్యాండ్‌మెయిడ్లు అని పేరు పెట్టి పెద్దిళ్లకి పంచేశారు, ఈ జూన్ అనే ఆవిడ కూతురు హన్నాని లాక్కుపోయారు అని. "కడుపుతో ఉన్నదానివి ఇలాంటివా చూసేది" అని నాలుగు చీవాట్లు పెట్టి, పక్కనే కూర్చుని మొత్తం చూసింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. ఎపిసోడ్ అయిపోగానే ఒకటే ప్రశ్న: "ఆ పిల్ల దొరికిందా?"

2019లో రెండో కాన్పుకి వచ్చింది. మూడో సీజన్ నడుస్తోంది. "దొరికిందా?" లేదమ్మా. 2022లో వచ్చింది, అయిదో సీజన్. "ఇంకా దొరకలేదా?" లేదు. మా పెద్దది ఇప్పుడు మూడో క్లాసు పూర్తి చేస్తోంది. హన్నా ఇంకా దొరకలేదు. సీరీసే అయిపోయింది.

66 ఎపిసోడ్లు. ఇంత బాగా మొదలైన కథని ఎవరైనా ఇలా చేస్తారా? కోపం కాదు నాది, మోసపోయినట్టుంది. మీకు ఎక్కడ విసుగు పుట్టింది? సీజన్ నంబరు చెప్పండి.

---

గోదారోడు · 30 మే, ఉదయం 7:10

మూడో సీజన్ ఆఖర్న. జూన్ ఊళ్లో వాళ్ల పిల్లలు 86 మందిని విమానం ఎక్కించింది. సొంత పిల్ల ఒక్కదాన్నే ఎక్కించలేకపోయింది. ఆ రోజే దణ్ణం పెట్టేశా.

---

రాత్రిషిఫ్ట్ · 30 మే, ఉదయం 7:31

దణ్ణం పెట్టేసినవాడివి మరి ఈ థ్రెడ్‌లో ఏం చేస్తున్నావ్ 😄

---

గోదారోడు · 30 మే, ఉదయం 7:33

దణ్ణం పెట్టా గానీ చూడ్డం మానలేదు బ్రో. అదే కదా బాధ.

---

పాత_చింతపండు · 30 మే, ఉదయం 9:45

సింధు గారూ, నాది రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్. అంతకంటే ముందు ఒక మాట చెప్పాలి.

మార్గరెట్ అట్‌వుడ్ నవల 1985లో వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాను. నవల ఎక్కడ ఆగుతుందో మొదటి సీజనూ అక్కడే ఆగింది: నల్ల వ్యాను వస్తుంది, ఆమె ఎక్కుతుంది, అది చావుకో విడుదలకో తెలియదు. అంటే పది ఎపిసోడ్లకే చేతిలో పుస్తకం అయిపోయింది. మిగతా 56 ఎపిసోడ్లు వాళ్లు సొంతంగా అల్లుకున్నవే. అల్లడం తప్పని నేననను. రెండో సీజన్ మొదట్లో బోస్టన్‌లోని ఫెన్వే పార్కు స్టేడియంలో మెళ్లో ఉరితాళ్లతో నిలబెట్టడం, ఖాళీ పత్రికాఫీసు గోడ పక్కన వేలాడుతున్న ఉచ్చులు, కింద పడున్న ఒంటి బూట్లు చూసి జూన్‌కి అక్కడేం జరిగిందో అర్థం కావడం... అవి పుస్తకంలో లేవు. అయినా పుస్తకమంత గట్టిగా ఉన్నాయి.

అట్‌వుడ్ తనకో నియమం పెట్టుకుంది. చరిత్రలో ఎక్కడో ఒకచోట మనుషులు నిజంగా చెయ్యని పని ఏదీ కథలో పెట్టకూడదని. అందుకే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్ గుర్తుందా? జూన్, ఆమె స్నేహితురాలు మొయిరా పొద్దున్నే పరుగుకి వెళ్లొచ్చి కాఫీ కొట్టు దగ్గర ఆగుతారు. కార్డు పనిచెయ్యదు. కౌంటర్లో కొత్తవాడు, చూపు తేడాగా ఉంటుంది, పైగా తిడతాడు. కాసేపటికి ఆఫీసులో ఆడవాళ్లందర్నీ సామాన్లు సర్దుకోమంటారు, గుమ్మం దగ్గర తుపాకులు. వాళ్ల ఖాతాల్లో డబ్బు ఇక మొగుడిదో, ఇంట్లో దగ్గరి మగాడిదో. సాయంత్రం జూన్ మొగుడు ల్యూక్ ప్రేమగానే "నేను చూసుకుంటాలే" అంటాడు. ఆ మాటకి మొయిరాకి ఒళ్లు మండుతుంది. అంతే సీను. ఒక్క తూటా పేలక్కర్లేదు.

అది చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది 2016 నవంబరు. నోట్ల రద్దు. మా ఆవిడ పోపుల డబ్బాలోంచి, బియ్యం డ్రమ్ములోంచి పాత అయిదొందల నోట్లు తీసి టేబుల్ మీద పెట్టింది. ఇరవయ్యేళ్లలో దాచుకున్నది. నేను ఒక్క మాట అనలేదు, బ్యాంకులో వేసి తెచ్చిచ్చాను. కానీ ఆ నోట్లు నాముందు పెట్టేటప్పుడు ఆమె మొహం నాకిప్పటికీ గుర్తుంది. గిలియడ్ ఎలా మొదలవుతుందో అర్థం కావడానికి నాకు అమెరికా అక్కర్లేదు.

ఇక రెండో సీజన్ ఆఖరు. ఇంతమంది మార్తాలు (గిలియడ్ ఇళ్లల్లో పనిమనుషులు) ప్రాణాలకి తెగించి ఇంటి నుంచి ఇంటికి చేతులు మార్చి జూన్‌ని బయటికి తెస్తారు. వ్యాను ముందుంది. తన పసిపిల్లని తోటి హ్యాండ్‌మెయిడ్ ఎమిలీ చేతిలో పెట్టి, హన్నా కోసం అని వెనక్కి తిరుగుతుంది. అప్పుడే అనుకున్నాను, ఈమె ఆగింది కూతురి కోసం కాదు, మూడో సీజన్ కోసం అని.

---

మంజీర · 30 మే, ఉదయం 10:20

పోపుల డబ్బా ముచ్చట చదివి మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మయి పప్పుల డబ్బాల దొరికినయి. నాన్న నెలరోజులు ఎక్కిరించిండు.

---

రాత్రిషిఫ్ట్ · 30 మే, మధ్యాహ్నం 1:15

నేను కొంచెం అడ్డం మాట్లాడతా, తిట్టకండి.

అందరూ "జూన్ చావదు, జూన్‌కి ఏమీ కాదు" అంటారు. నాలుగో సీజన్ మూడో ఎపిసోడ్ చూడలేదా? నీళ్లలో ముంచారు, పెట్టెలో పెట్టి మూసేశారు, ఇద్దరు మార్తాలని ఆమె కళ్ల ముందే మేడ మీంచి తోసేశారు. హన్నాని అద్దాల గదిలో చూపించాకే నోరు విప్పింది. ఇంకేం కావాలి? అదే సీజన్ ఆఖర్లో, జూన్‌ని పంపిన ఇంటి కమాండర్ ఫ్రెడ్‌ని అడవిలోకి తోలి, పాత హ్యాండ్‌మెయిడ్లంతా కలిసి చంపేసిన రాత్రి నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టా. నాలుగేళ్ల బాకీ తీరింది.

అయిదో సీజన్‌లో ఫ్రెడ్ పెళ్లాం సెరీనా గతి? ఊరందరి ఇళ్లల్లో పిల్లల్ని లాక్కోవడానికి చట్టం రాయించినావిడ, తనే కడుపుతో వీలర్లనే గిలియడ్ అభిమానుల ఇంట్లో బందీ అయి, కన్న బిడ్డ మీద హక్కు లేకుండా కూర్చుంటుంది. ఎవరు రాశారో గానీ చెయ్యి తిరిగినవాళ్లు. మరీ "చెడిపోయింది" అనెయ్యడం అన్యాయం.

ఇంకోటి. హీరో అయితే తుపాకీ గుళ్లు వంకరపోయినా ఈలలు వేస్తాం. ఆడది బతికి బయటపడితే లాజిక్ అడుగుతామా?

---

గోదారోడు · 30 మే, మధ్యాహ్నం 1:22

ఆఖరి మాటకి నా దగ్గర జవాబు లేదు.

---

సింధు_వి · 30 మే, రాత్రి 9:30

నా దగ్గరుంది. రాత్రిషిఫ్ట్ గారూ, ఆ మూడో ఎపిసోడ్, ఆ అడవి, వీలర్ల ఇల్లు, మూడూ ఒప్పుకుంటా. అడవి సీనుకి నేనూ లేచి నిలబడ్డా (పిల్లలు లేస్తారని చప్పట్లు కొట్టలేదు).

కానీ మన సినిమా హీరోకి గుళ్లు తగలవని టికెట్టు కొన్నప్పుడే తెలుసు. ఇక్కడ ఒప్పందం అది కాదు. ఇక్కడ ప్రతి తప్పుకీ ఒక రేటుందని మొదటి సీజన్‌లో వాళ్లే చెప్పారు. చెప్పిన రేటు మిగతా అందరి దగ్గరా ముక్కుపిండి వసూలు చేశారు కూడా.

ఒక్కసారి లెక్క చూడండి. జనీన్ అనే హ్యాండ్‌మెయిడ్ మొదట్లోనే ఎదురు మాట్లాడింది, కన్ను పోయింది. ఎమిలీ ఒక మార్తాని ప్రేమించింది. నోటికి గుడ్డ కట్టి వ్యానులో కూర్చోబెట్టి, ఆ మార్తాని క్రేనుకి ఉరి వెయ్యడం చూపించారు. తర్వాత ఎమిలీ తెల్లటి గదిలో కట్లతో లేస్తుంది, ఏం కోసేశారో అప్పుడు తెలుస్తుంది ఆమెకి. ఈడెన్‌ది 15 ఏళ్ల వయసు, ప్రేమించినవాడితో పారిపోయింది, ఈతకొలనులో ముంచి చంపారు. చివరికి సెరీనా, కమాండర్ పెళ్లాం, అందరి ముందు బైబిల్ చదివినందుకు చిటికెన వేలు పోగొట్టుకుంది. ఆల్మా, బ్రియానా జూన్‌తో పాటే రైలు పట్టాలు దాటబోయారు. జూన్, జనీన్ దాటారు. వాళ్లిద్దరూ దాటలేదు.

మరి జూన్? పారిపోయింది, దొరికింది. మళ్లీ పారిపోబోయి ఆగింది. కమాండర్‌ని చంపింది. 86 మంది పిల్లల్ని ఎత్తుకుపోయింది. రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన ఆ ఒక్క ఎపిసోడ్ తప్ప, ఆమె చేసినదానికి బిల్లు ఎప్పుడూ పక్కవాళ్లకే వెళ్లింది. చదివినందుకు వేలు తీసేసే ఊళ్లో ఇది ఎలా కుదురుతుంది? నాకు జూన్ చావాలని లేదు. గిలియడ్ అంటే భయం పోయింది, అదీ నా గొడవ. భయం పోయాక ఆ ఎర్ర గుడ్డలు ఉత్త గుడ్డలే.

---

పాత_చింతపండు · 30 మే, రాత్రి 10:05

"బిల్లు పక్కవాళ్లకి" అన్నది సరిగ్గా పట్టుకున్నారు. మూడో సీజన్‌లో నటాలీ గుర్తుందా, ఆఫ్‌మ్యాథ్యూ? ఆమెని కాల్చాక, కడుపులో బిడ్డ కోసం శవంలాంటి శరీరాన్ని యంత్రాల మీద బతికిస్తారు. జూన్‌కి శిక్షేమిటంటే ఆసుపత్రి గదిలో ఆ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం. ఎపిసోడ్ అంతా ఆ గదిలోనే నడుస్తుంది. నటాలీ శరీరం కథకి ఒక కుర్చీ, బల్ల లాంటిదైపోయింది. మనం చూడాల్సింది జూన్ మొహం.

---

మంజీర · 30 మే, రాత్రి 10:40

మొహం అంటే గుర్తొచ్చింది. ఈ సీరీస్‌ల నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం గా క్లోజప్ మీద. మొదటి సీజన్‌ల ఎలిజబెత్ మాస్ కండ్లు జర కదిలితే చాలు, లోపల ఏం నడుస్తున్నదో తెలిసేది. నోటితోని "అట్లే అమ్మా" అంటది, మనసుల తిడ్తది. ఆ రెండింటి నడిమి సందే కథ. ఏమన్న యాక్టింగా అది!

తర్వాత్తర్వాత ఏమైంది? ప్రతి ఎపిసోడ్ ఆఖర్ల తల కిందికి వంచి కండ్లు పైకెత్తి కెమెరా దిక్కు కోపంగ చూస్తది, పాట మొదలైతది, పేర్లు పడ్తయి. మా తమ్ముడు "అక్కా, వస్తున్నది సూపు" అని ముందే చెప్పేటోడు. ఒక్కసారి గూడ తప్పు చెప్పలే. రాసేటోళ్లు రాయాల్సినకాడ మొహం పెట్టి ఊకున్నరు. పాపం ఆమె ఏం చేస్తది?

---

గోదారోడు · 30 మే, రాత్రి 10:44

"పాపం ఆమె" ఏంటక్కా, నాలుగో సీజన్ నుంచి డైరెక్షన్ కూడా ఆవిడే చేస్తోంది కొన్ని. ఆఖరి ఎపిసోడ్ కూడా ఆవిడదే.

---

మంజీర · 30 మే, రాత్రి 10:46

గట్లనా. మరి నా సానుభూతి వాపస్ ఇయ్యి.

---

ఎపిసోడు_కూలీ · 31 మే, ఉదయం 6:20

ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటా, ఇవాళ రాయకుండా ఉండలేకపోయా. నేను ఏడేళ్లుగా తెలుగు డైలీ సీరియల్స్‌కి రాస్తున్నా. ఏ ఛానెల్ అని అడక్కండి, ఇంటి అద్దె కట్టుకోవాలి.

మీరందరూ రైటర్లని తిడుతున్నారు. తిట్టండి. కానీ మా పని ఎలా ఉంటుందో చెప్తా. మాకు గురువారం అంటే హడల్, టీఆర్పీలు వచ్చే రోజు. కథ ఒక ముడి మీద నిలబడుతుంది. ముడి విప్పితే సీరియల్ అయిపోతుంది. అయిపోతే యాభై మందికి పని పోతుంది. కాబట్టి విప్పబోతున్నట్టు చూపించాలి, విప్పకూడదు. నేను ఒకసారి ఒక పాత్రని నిజాయితీగా చంపేశా. రేటింగ్ పడింది. మూడో వారానికల్లా ఆమెకి కవల చెల్లెలు పుట్టుకొచ్చింది. ఆ సీను నేనే రాశా, నా చేత్తోనే.

ఈ సీరీస్ తీసిన హులుకి గురువారాలు లేవు గానీ ముడి మాత్రం అదే. 2017లో ఎమ్మీల్లో, అంటే అమెరికా టీవీ అవార్డుల్లో, ఉత్తమ డ్రామా సీరీస్ అయింది. ఆన్‌లైన్ సర్వీసు తీసిన సీరీస్‌కి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. అంత పేరు తెచ్చిన సరుకుని రెండేళ్లకి ముగించమని ఎవరంటారు? పోస్టర్ అంటే ఎర్ర అంగీ. జూన్ కెనడా వెళ్లిపోతే అంగీ ఉండదు. అందుకే పాత_చింతపండు గారు చెప్పిన ఆ మలుపు. ఒకే మలుపుని మూడుసార్లు వేరే బట్టలు కట్టి వాడారు: బయటపడే దారి దొరకడం, హన్నా గుర్తు రావడం, ఆగడం. నాలుగో సీజన్ సగంలో గానీ కెనడా చేర్చలేదు. చేర్చాక మళ్లీ లాగారు.

హన్నా సంగతికి ఇంకో కారణం ఉంది. అట్‌వుడ్ 2019లో రెండో నవల రాసింది, టెస్టమెంట్స్. మొదటి నవలకి పదిహేనేళ్ల తర్వాత కథ. అందులో ఒక అమ్మాయి

[ఇక్కడ నాలుగు లైన్లు తీసేశాను. ఆ నవల చదవనివాళ్లు ఉన్నారు. మొదటి సీరీస్‌కి మాత్రమే స్పాయిలర్ హెచ్చరిక ఉంది. – నిర్వాహకుడు]

...అందుకని ఆ పిల్ల గిలియడ్‌లోనే పెరగాలి. హులు దాన్ని కూడా సీరీస్‌గా తీస్తోంది. అంటే సింధు గారూ, మీ అమ్మగారు 2019లో "దొరికిందా?" అని అడిగిన నాటికే దొరకదని రాసిపెట్టేశారు. రాసేవాళ్ల చేతులు ముందే కట్టేసి ఉన్నాయి. ఆ సంగతి దాచి ఆరేళ్లు ఆశ పెట్టడం మాత్రం... అది మా సీరియళ్లలో చేసే పనే. మాకు మాత్రం ఎమ్మీలు ఇవ్వరు.

---

గోదారోడు · 31 మే, ఉదయం 7:02

కార్తీకదీపం కూడా 2017లోనే మొదలైంది అధ్యక్షా. డాక్టర్ బాబు ఒక్క డీఎన్ఏ టెస్టు చేయిస్తే అయిపోయే కథ. ఊరంతా అరిచింది చేయించమని. ఆయన డాక్టరు. చేయించలేదు.

---

రాత్రిషిఫ్ట్ · 31 మే, ఉదయం 7:09

2017 ఏదో శాపగ్రస్తమైన సంవత్సరంలా ఉంది. ఇక్కడ వంటలక్క, అక్కడ జూన్.

కానీ వంటలక్కకి ఆ ఓపికకి ఫలం దక్కిందా లేదా? మా నాన్నమ్మ తృప్తిగా చూసింది. ఆవిణ్ని అడిగితే ఏ ప్రెస్టీజ్ సీరీసూ అక్కర్లేదంటుంది.

---

సింధు_వి · 31 మే, ఉదయం 8:15

ఎపిసోడు_కూలీ గారూ, పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని మీ పోస్టు రెండుసార్లు చదివా. "దొరకదని రాసిపెట్టేశారు" దగ్గర కప్పు కింద పెట్టేశా. అమ్మకి ఎలా చెప్పను ఇది?

---

హ్యామిల్టన్_అత్త · 31 మే, సాయంత్రం 5:40

మీరందరూ గిలియడ్ గురించే మాట్లాడుతున్నారు, కెనడా సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఒంటారియోలో ఉంటాను. ఈ సీరీస్ ఎక్కువగా టొరంటోలో, మా చుట్టుపక్కల తీశారు. వాటర్‌ఫర్డ్ వాళ్ల (ఫ్రెడ్, సెరీనాల) ఇల్లు బయటి నుంచి చూపించేది హ్యామిల్టన్‌లోదే. మొదటి సీజన్ చూశాక ఒకరోజు ఆ వీధిలో నడుస్తూ కావాలని అవతలి పక్కకి మారాను. నవ్వకండి. పట్టపగలు, ఎవరో గడ్డి కోసుకుంటున్నారు, అయినా.

నాకు విసుగొచ్చింది చెడ్డ ఎపిసోడ్ల వల్ల కాదు, మంచిదాన్ని చేతులారా వదిలేసినందుకు. అయిదో సీజన్‌లో టొరంటో జనం శరణార్థుల మీద తిరగబడతారు. మొదట్లో దుప్పట్లిచ్చి, చేతులు పట్టుకుని లోపలికి తీసుకున్నవాళ్లే, "మీ వల్ల మాకీ గొడవ" అని బోర్డులు పట్టుకుని నిలబడతారు. అది చూస్తూ నేను కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. నేను వచ్చి పంతొమ్మిదేళ్లయింది. సిటిజన్‌ని. అయినా ఈమధ్య బస్టాపులో ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే గొంతు దానంతటదే తగ్గుతోంది. ఎప్పట్నుంచి అలవాటైందో నాకే తెలీదు.

ఆ కథ చెప్పుంటే? రాక్షసులు లేకుండా, మామూలు మంచివాళ్లు మెల్లగా మొహం తిప్పుకోవడం. మొదటి సీజన్‌లో కాఫీ కొట్టువాడి చూపుంది చూశారా, అదే ఇక్కడ మళ్లీ మొదలవుతోంది. నాలుగు ఎపిసోడ్లు దాని మీదే ఉంటే చాలు. కానీ వీళ్లు దాన్ని జూన్‌ని మళ్లీ రైలెక్కించడానికి వాడుకుని వదిలేశారు. రైల్లో ఎవరున్నారు? సెరీనా. చంకలో పిల్లాడితో. నేను పైకే అన్నాను, "అబ్బ, మళ్లీ నువ్వా తల్లీ" అని.

---

పాత_చింతపండు · 31 మే, సాయంత్రం 6:30

ఈ థ్రెడ్‌లో ఇంతకు మించిన పోస్టు ఇక రాదు. నేను టీవీకి కాక పుస్తకానికి ఎందుకు అతుక్కుపోయానో నాకే ఇప్పుడు తెలిసింది. పుస్తకంలో ఆమె అసలు పేరు కూడా చెప్పరు. ఎవరైనా కావచ్చు. టీవీలో ఆమె నాయకురాలైంది. నాయకురాలయ్యాక "నేనైతే ఏం చేసేవాణ్ణి" అన్న ప్రశ్న పోతుంది.

---

రాత్రిషిఫ్ట్ · 31 మే, రాత్రి 8:50

సరే, అత్తగారి పోస్టు తర్వాత నేను సగం ఒప్పుకుంటున్నా. సగమే.

జూన్ ప్రేమికుడు నిక్ సంగతి చెప్పండి ఇక. ఆరో సీజన్‌లో పిల్లనిచ్చిన మామకి అంతా చెప్పేశాడు కదా. నేను అస్సలు నమ్మలేకపోయా.

---

గోదారోడు · 31 మే, రాత్రి 8:55

నాకు మాత్రం ఆ సీజన్‌లో నమ్మబుద్ధయిందే అదొక్కటి. అయిదు సీజన్లు వాడు ప్రేమికుడని మనం పాటలు పెట్టి రీల్స్ చేసుకున్నాం. వాడు గిలియడ్ కమాండర్. యూనిఫాం వేసుకుని జీతం తీసుకుంటున్నాడు. ప్రాణమ్మీదకి వచ్చేసరికి గిలియడ్ మీద రహస్యంగా పోరాడే మేడే వాళ్ల ప్లాన్ కక్కాడు, కమాండర్ల వేశ్యాగృహం జెజబెల్స్‌లో ఆడవాళ్లు పోయారు. అసలు మనిషి అప్పుడు బయటపడ్డాడు.

---

మంజీర · 31 మే, రాత్రి 9:01

బయట పెట్టుడు మంచిగనే ఉన్నది. గని దానికి ముందు ఏమన్న ఆనవాలు ఇయ్యాలె కదా? ఒక సూపు, ఒక అబద్ధం. ఆరో సీజన్‌ల రెండు ఎపిసోడ్లల్ల మనిషిని తిప్పి, విమానం ఎక్కించి, బాంబు పేల్చి పంపిచ్చిరి. కమాండర్ లారెన్స్ పోయిన తీరు మాత్రం కండ్లల్ల నీళ్లు తెప్పిచ్చింది. ఆ విమానం ఎక్కుతున్నప్పుడు ఆయన మొహం! ఏం మాట్లాడకుంటనే.

---

రాత్రిషిఫ్ట్ · 31 మే, రాత్రి 9:04

లారెన్స్ విషయంలో అందరం ఒక్కటే పార్టీ.

---

గోదారోడు · 31 మే, రాత్రి 9:12

జూన్ ఉరి సీను ఎవరూ ఎత్తలేదే? మెడకి తాడు పడింది, చుట్టూ సైన్యం, క్రేను రెడీ. స్పీచ్ ఇచ్చింది. నేను వాచీ చూసుకున్నా, ఎపిసోడ్‌లో ఇంకా టైముంది, కాబట్టి చావదు అనుకున్నా. సరిగ్గా అప్పుడే మేడే వాళ్లు దిగారు. మొదటి సీజన్‌లో క్రేను చూస్తే నాకు అన్నం సయించలేదు. ఇక్కడ అదే క్రేను చూస్తూ పకోడీ తిన్నా. అంత తేడా.

ఎమిలీ ఆఖర్లో మళ్లీ కనిపించింది కదా. అయిదో సీజన్‌లో చచ్చిపోయిందనుకున్నా నేను.

---

సింధు_వి · 31 మే, రాత్రి 9:25

చావలేదు. ఆ నటి అలెక్సిస్ బ్లెడెల్ అయిదో సీజన్‌కి ముందే తప్పుకుంది. అందుకని ఎమిలీ మళ్లీ గిలియడ్‌కి వెళ్లిపోయిందని ఒక డైలాగులో కానిచ్చేశారు. పెళ్లాం బిడ్డల్ని వదిలేసి వెనక్కి వెళ్లడమనేది ఒక సీజనంతా నడిచే కథ. ఒక్క డైలాగులో పోయింది. ఆఖర్లో కనిపించినప్పుడు మాత్రం నేను ఏడ్చా, అబద్ధం చెప్పను. జూన్, ఎమిలీ అలా గోడ పక్కన నడుస్తుంటే సరుకులు తెచ్చుకోవడానికి జంటగా వెళ్లిన మొదటి రోజులు గుర్తొచ్చాయి.

---

ఎపిసోడు_కూలీ · 1 జూన్, ఉదయం 6:05

నటి వెళ్లిపోతే ఏం చెయ్యాలో మాకు బాగా తెలుసు. "ఇప్పటి నుంచి ఈ పాత్రలో..." అని కింద స్క్రోల్ వేసి కొత్తావిణ్ని దింపుతాం. ప్రేక్షకులు రెండు రోజులు తిట్టి మూడో రోజు మర్చిపోతారు. వాళ్లు ఆ పని చెయ్యకపోవడం మర్యాదే అనుకోండి.

ఒకటి మాత్రం చెప్పాలి. 2021లో ఈ సీరీస్‌కి ఎమ్మీల్లో 21 నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. ఒక సీజన్‌కి అన్ని ఓటములు అంతకుముందు ఏ సీరీస్‌కీ లేవు. ఆ వార్త చదివి నేను నవ్వలేదు. ఆ గదిలో కూర్చుని రాసినవాళ్ల గురించే ఆలోచించా. పొద్దున్నే కూర్చుని "ఈసారి జూన్‌ని ఏ కారణం చెప్పి ఆపుదాం" అని తెల్లబోర్డు మీద రాసుంటారు. ఆ బోర్డు నాకు తెలుసు.

---

మంజీర · 1 జూన్, ఉదయం 9:30

ఇంకో దిక్కు గూడ సూడుండ్రి. మన దేశంల 2019ల నెట్‌ఫ్లిక్స్‌ల లైలా వచ్చింది. దీపా మెహతా, హుమా ఖురేషీ. అదీ ఇదే లెక్క, ఒక రాజ్యం, గోడలు, గుంజుకుపోయిన బిడ్డ, ఎతుకుతున్న తల్లి. ఆరు ఎపిసోడ్లు. సరిగ్గ ఊపిరి బిగబట్టే జాగల ఆపిండ్రు. రెండో సీజన్ రాలే. ఆ బిడ్డ గూడ తల్లికి దక్కలే.

ఇప్పుడు చెప్పుండ్రి, ఆరు ఎపిసోడ్లకు ఆగిపోయిన బాధ మంచిదా, 66 చూసిన బాధ మంచిదా? నాకైతే లైలా ఇప్పటికీ తలకాయల తిరుగుతది.

---

హ్యామిల్టన్_అత్త · 1 జూన్, ఉదయం 10:10

ఆరుకి ఆగిందే నయం. ఊహించుకోవడానికి మనకి కొంచెం మిగిల్చారు.

---

రాత్రిషిఫ్ట్ · 1 జూన్, ఉదయం 10:15

నేను ఒప్పుకోను. స్క్విడ్ గేమ్ రెండో సీజన్ ఏడు ఎపిసోడ్లు చూపించి కథ మధ్యలో కోసేశారు, జూన్ 27 దాకా ఆగమంటున్నారు. నాకు పిచ్చెక్కుతోంది. చెత్త ముగింపైనా సరే, ముగింపంటూ ఉండాలి నాకు.

---

కొత్తగా_చేరిన_లత · 1 జూన్, మధ్యాహ్నం 2:30

హాయ్ అండీ. స్పాయిలర్లన్నీ చదివేశాను, ఫర్వాలేదు. ఇంకా మొదలుపెట్టలేదు. చూడొచ్చా వద్దా? మీరందరూ తిడుతున్న తీరు చూస్తే చూడాలనిపిస్తోంది.

---

పాత_చింతపండు · 1 జూన్, మధ్యాహ్నం 2:50

మొదటి సీజన్ పది ఎపిసోడ్లు చూడండి. వ్యాను తలుపు మూసుకోగానే టీవీ కట్టేసి, వారం పాటు ఏమీ చూడకండి.

---

గోదారోడు · 1 జూన్, మధ్యాహ్నం 2:52

ఎవరూ అలా ఆగలేదు లత గారూ. ఆయన కూడా ఆగలేదు, నాలుగు సార్లు చూసుంటాడు.

---

మంజీర · 1 జూన్, మధ్యాహ్నం 2:58

రెండో సీజన్‌ల ఈతకొలను ఎపిసోడ్ దాక చూడు. ఆ తర్వాత నా తమ్ముణ్ని పంపిస్త, "సూపు వస్తున్నది" అని చెప్తడు.

---

సింధు_వి · 1 జూన్, రాత్రి 10:20

ఇవాళ ఆదివారం, అమ్మతో వీడియో కాల్. ఆవిడే అడిగింది, "ఆ ఎర్రబట్టలది అయిపోయిందా?" అని. అయిపోయిందమ్మా, బోస్టన్ విడిపించారు, ఆవిడ కాలిపోయిన ఆ పాత ఇంట్లోకి వెళ్లి, తన గదిలో కిటికీ దగ్గర కూర్చుని మొదట్నుంచీ కథంతా చెప్పడం మొదలుపెట్టింది అన్నాను.

"పిల్ల?"

దొరకలేదన్నాను. కాసేపు మాట్లాడలేదు. వెనక కుక్కర్ మూడో విజిల్ వేసింది, వెళ్లి కట్టేసి వచ్చింది.

"మరి మొదట్నుంచీ చెప్పడం దేనికే, వెళ్లి వెతుక్కోక" అంది.

లత గారూ, మీరు మొదలుపెడితే ఇక్కడే చెప్పండి. మూడో ఎపిసోడ్ అయ్యాక ముఖ్యంగా.

---

కొత్తగా_చేరిన_లత · 2 జూన్, ఉదయం 1:47

మూడో ఎపిసోడ్ ఇప్పుడే అయింది. ఆ తెల్ల గది. నిద్ర పట్టేలా లేదు. నాలుగోది పెడుతున్నా.